బంకులో దొరికే పెట్రోలే కారు బలం



ఆదివారం సాయంత్రం భావనపాడు తీరానికి వచ్చే కార్లను చూస్తే ఈ పదేళ్ళలో వచ్చిన మార్పు కళ్ళకు కడుతుంది. ఇదివరకు టెక్కలి నుంచి నౌపడా ఉప్పు మడుల మీదుగా వచ్చినవాటిలో డీజిల్ బండ్లే ఎక్కువ. ఇప్పుడు చిన్న పెట్రోల్ కార్లు వస్తున్నాయి. ఇంజన్ చూస్తే వెయ్యి సీసీ, మూడే సిలిండర్లు. బలం మాత్రం 120 పీఎస్, అంటే ఇంచుమించు అన్నే హార్స్‌పవర్. వీటిలో కొన్ని మన రాష్ట్రంలో పుట్టినవే. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ టర్బో 140 పీఎస్ ఇచ్చేది. ఆ మరుసటి ఏడు వచ్చిన సోనెట్‌లో ఒక లీటర్ టర్బో 120 ఇస్తుంది. ఫోక్స్‌వాగన్ పోలోలో ఒక లీటర్ టర్బో 110 ఇచ్చేది.

కంపెనీ ఇచ్చిన బలం చాలదనుకునే కుర్రాళ్ళు ఈ తీరంలో తక్కువేమీ లేరు. మర్చంట్ నేవీలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం చేసి, సెలవుకొచ్చి కారు కొంటారు. కొన్న నెలకే అడుగుతారు: "అన్నా, రీమ్యాప్ చేయిస్తే ఎంత పెరుగుతాది?" రీమ్యాప్ అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని పట్టికలు మార్చి బలం పెంచడం. నేను వెంటనే అంకె చెప్పను. "ఏ బంకులో కొట్టిస్తన్నావు? ఏ పెట్రోల్?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే మొదటి ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఎందుకో ఈవేళ వివరంగా చెప్పుకుందాం.

మామూలు ఇంజన్ తనంతట తాను పీల్చుకోగలిగినంత గాలినే తీసుకుంటుంది. టర్బో అలా కాదు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకే రెండో చివర ఇంకో చక్రం ఉండి, గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. పూర్తి జోరులో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరగగలదు. ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఎక్కువ గాలి లోపలికి వెళితే ఎక్కువ పెట్రోల్ మండించవచ్చు, ఎక్కువ బలం వస్తుంది. ఇంతవరకు లెక్క సులువు.

ఇబ్బంది వేడితో వస్తుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం చెయ్యి కాలేంతగా వేడెక్కడం మీకు తెలుసు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. మన తీరంలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కిందనుకోండి. దాని వేడి దాదాపు 130 డిగ్రీలకు చేరుతుంది. ఐరోపాలో 15 డిగ్రీల చలి గాలితో మొదలుపెడితే అదే పని వంద దాటి కొంచెం పైన ఆగుతుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని కొంత తగ్గిస్తుంది. కానీ అది కూడా బయటి గాలితోనే చల్లార్చాలి కదా. బయటే వేడిగా ఉంటే అది మాత్రం ఎంతని చల్లార్చగలదు?

ఆ వేడి గాలి పెట్రోల్‌తో కలిసి సిలిండర్‌లోకి వెళ్ళాక పిస్టన్ దాన్ని మళ్ళీ నొక్కుతుంది. అప్పుడు స్పార్క్ పడుతుంది. మంట ప్లగ్గు దగ్గర మొదలై అంచులకు పాకాలి. అంచున ఉన్న మిశ్రమం మంట వచ్చేదాకా ఓర్చుకుని ఉండాలి. ఓర్చుకోలేక తనంతట తానే భగ్గుమంటే లోపల టకటకమని చప్పుడొస్తుంది. మన మెకానిక్కులు "ఇంజన్ కొడతాంది" అనేది దీన్నే. పుస్తకాల్లో నాకింగ్ అంటారు. బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, తక్కువగా ఉన్న ఇంజన్‌లో కొద్దిగా నాకింగ్ వచ్చినా నష్టం నెమ్మదిగా జరుగుతుంది. బూస్ట్ ఎక్కువ ఉన్నచోట కొన్ని సెకన్లలోనే పిస్టన్ రింగులు కూర్చునే గాడుల మధ్య లోహం విరిగిపోవచ్చు, పిస్టన్ తలకే రంధ్రం పడవచ్చు. ఈ ఓర్పును కొలిచే అంకె ఆక్టేన్. ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోల్లో శక్తి ఎక్కువ ఉందనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా స్పార్క్ పడేదాకా ఆగగల గుణం మాత్రమే ఆక్టేన్.

అందుకని ట్యూనింగ్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. ఎంత బూస్ట్ ఇవ్వాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, ఎంత పెట్రోల్ చిమ్మాలి అన్నవి దానిలో పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికలనే మ్యాప్ అంటారు. రీమ్యాప్ చేసేవాడు వాటిని మారుస్తాడు. బూస్ట్ కొంచెం పెంచుతాడు, స్పార్క్ కొంచెం ముందుకు జరుపుతాడు. ఇంకే భాగమూ మార్చకుండా ఒక మోస్తరు టర్బో పెట్రోల్ కారులో ఇలా 15 నుంచి 25 శాతం దాకా బలం తీయవచ్చు. ఆ బలం ఇచ్చేది చిప్ కాదు, పెట్రోల్ ఓర్పులో కంపెనీ జాగ్రత్తకోసం మిగిల్చి ఉంచిన భాగం. మీ ట్యాంకులో పెట్రోల్‌కి అసలే అంత ఓర్పు లేకపోతే, తీయడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు.

అమెరికాలో ఉన్న బంధువులతో మాట్లాడి వచ్చే కుర్రాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య "నేను 93 ఆక్టేన్ పోస్తాను, రీమ్యాప్‌తో బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. ఇక్కడ 95 దొరుకుతోంది కదా, ఇంకా మంచిదే అని మనవాడు అనుకుంటాడు. కానీ అమెరికా బంకు మీద రాసేది రెండు రకాల పరీక్షల సగటు. మన దేశంలో రాసేది వాటిలో ఒక్క పరీక్ష అంకె, అదే రీసెర్చ్ ఆక్టేన్. అక్కడి 93 మన లెక్కలో సుమారు 98. ఐరోపా ట్యూనర్లు అమ్మే మ్యాపులు కూడా చాలా మటుకు 98 ఆక్టేన్‌కి రాసినవే. అవి అక్కడి చలికి, అక్కడి పెట్రోల్‌కి రాసినవి. అలాంటి మ్యాప్ తెచ్చి మే నెలలో పలాస బైపాస్ మీద కాలు బిగిస్తే ఇంజన్ పడే కష్టం ఆలోచించండి.

కార్లో నాక్ సెన్సర్ ఉంటుంది కదా, అది చూసుకోదా అని అడుగుతారు. చూసుకుంటుంది. ఇంజన్ బ్లాకుకు బిగించిన ఆ చిన్న సెన్సర్ కొట్టుడు చప్పుడు వినగానే ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. బలం తగ్గుతుంది, ఇంజన్ బతుకుతుంది. అంటే తక్కువ రకం పెట్రోల్‌తో దూకుడు మ్యాప్ వేయించినవాడు డబ్బు ఇచ్చి మరీ కొన్న బలాన్ని ఆ సెన్సర్ రోజూ వెనక్కి తీసేసుకుంటూ ఉంటుంది. దానికి కూడా ఒక హద్దుంది. అది విన్నాకే స్పందిస్తుంది, అప్పటికే ఒకటి రెండు దెబ్బలు పడి ఉంటాయి. ఆ సెన్సర్ సున్నితత్వాన్ని తగ్గించి మరీ మ్యాప్ ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అలాంటి పని చేసేవాడి దగ్గరికి దయచేసి వెళ్ళవద్దు.

ఇప్పుడు ఇథనాల్ సంగతికొద్దాం. ఈ విషయంలో భయమూ ఉంది, ఆశా ఉంది, రెండిటికీ ఆధారముంది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధానమంత్రి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను, అంటే ఈ-20ని, ప్రారంభించారు. రెండేళ్ళలో అది దేశమంతా మామూలు పెట్రోల్ అయిపోయింది. మన ఉత్తరాంధ్రలోనే సంకిలి చక్కెర ఫ్యాక్టరీకి డిస్టిలరీ ఉంది. చెరకు, ధాన్యం పండించే రైతుకు దీనివల్ల ఒక మార్కెట్ ఏర్పడింది. అది చిన్న విషయం కాదు.

ఇంజన్ వైపు నుంచి చూస్తే ఇథనాల్‌కి ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. ఈ-20 ప్రమాణం ప్రకారం ఆక్టేన్ కనీసం 95 ఉండాలి. అంతకు ముందు బీఎస్-6 మామూలు పెట్రోల్‌కి 91 చాలు. ఆక్టేన్‌తో పాటు ఇంకో మేలు ఉంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా లాగేసుకుంటుంది. లోపలికి వచ్చే కిలో గాలికి లెక్కేస్తే, స్వచ్ఛమైన ఇథనాల్ పెట్రోల్ కంటే దాదాపు నాలుగు రెట్లు చల్లబరుస్తుంది. వేడే మన శత్రువని ఇందాక చెప్పుకున్నాం. టర్బో ఇంజన్‌కి ఇథనాల్ అంత బాగా నప్పడానికి ఇదే కారణం.

దీనికి మంచి ఉదాహరణ స్వీడన్‌లో ఉంది. 2005లో సాబ్ కంపెనీ 9-5 బయోపవర్ అనే కారు అమ్మింది. రెండు లీటర్ల టర్బో ఇంజన్. పెట్రోల్ పోస్తే 150 హార్స్‌పవర్. 85 శాతం ఇథనాల్ పోస్తే అదే ఇంజన్ 180 ఇచ్చేది. ట్యాంకులో ఏముందో ఈసీయూ తనే పసిగట్టి బూస్ట్‌నీ స్పార్క్‌నీ మార్చుకునేది. బ్రెజిల్‌లో ఈ పద్ధతి ఇంటింటికీ చేరింది. మన దగ్గర ఒక లీటర్ టర్బోతో అమ్ముడైన పోలో తమ్ముడే అక్కడ పెట్రోల్‌తో 116, ఇథనాల్‌తో 128 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇది ఫ్యాక్టరీయే చేసిన పని. రబ్బరు గొట్టాలు, ఇంజెక్టర్లు, పంపు, వాల్వు సీట్లు అన్నీ ఇథనాల్‌కి తగ్గట్టు పెట్టి, వారంటీ ఇచ్చి మరీ అమ్మింది.

అయితే ఇథనాల్‌లో శక్తి తక్కువ. లీటరు పెట్రోల్లో 32 మెగాజూళ్ళుంటే లీటరు ఇథనాల్‌లో 21. పెట్రోల్ పూర్తిగా మండడానికి కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. తిప్పి చెబితే, అంతే గాలికి ఇథనాల్ చాలా ఎక్కువ పోయాలి. ఈ-20 అయితే ఎనిమిది శాతం దాకా ఎక్కువ చిమ్మాలి, ఈ-85 అయితే మూడో వంతుకు పైగా. ఇంజెక్టర్లకు, పెట్రోల్ పంపుకు అంత చిమ్మే స్థోమత ఉందా అన్నది ట్యూనర్ ముందే చూడాలి. బూస్ట్ పెంచి, పంపు అందివ్వలేక మిశ్రమం పలచబడితే ఇంజన్ అక్కడికక్కడే కాలుతుంది. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలో కూడా, పాత ప్రమాణాలకు తయారైన కార్లలో ఈ-20 వల్ల మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని ఉంది. "ఈ మధ్య మైలేజీ పడిపోయింది" అని చెప్పే డ్రైవర్ల మాటను నేను కొట్టిపారేయను.

మన దేశంలో కార్లు ఈ-20కి తట్టుకునే సామానుతో రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. కాబట్టి మొదట చూసుకోవలసింది మీ కారు తయారైన నెల, సంవత్సరం. అంతకు ముందుదైతే గొట్టాల గురించి, సీళ్ళ గురించి సర్వీసు మాన్యువల్ చూసి మాట్లాడండి. రీమ్యాప్ ఆలోచన ఆ తర్వాత. ఇక యూట్యూబ్‌లో చూసి ఈ-85 ట్యూన్ కావాలనేవారికి ఒక మాట. 2024 మార్చిలో ఇండియన్ ఆయిల్ ఇథనాల్ 100 అమ్మడం మొదలుపెట్టిన అయిదు రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు. డబ్బాల్లో స్పిరిట్ తెచ్చి ఇంట్లో కలుపుకోవడం నేరం, ప్రాణాపాయం కూడా. ఇథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు.

తీరంలో ఉన్నవాళ్ళకు ఇంకో ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండే భావనపాడు, బారువ లాంటి చోట్ల కారును నెలల తరబడి సగం ట్యాంకుతో వదిలేసి ఓడెక్కి వెళ్ళిపోయే కుర్రాళ్ళు ఇది వినాలి. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్ ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోల్‌కి ఇథనాల్ ఇచ్చిన ఆక్టేన్ ఉండదు. ఏడెనిమిది నెలల తర్వాత వచ్చి స్టార్ట్ చేసి, అదే రోజు హైవే ఎక్కి పూర్తి బూస్ట్‌కి తొక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వెళ్ళేముందు ట్యాంకు నిండుగా కొట్టించి పెట్టండి, లోపల గాలికి చోటు తక్కువ ఉంటుంది. వచ్చాక కొత్త పెట్రోల్ కలిపి, రెండు ట్యాంకుల దాకా నెమ్మదిగా నడపండి. తిత్లీ లాంటి తుఫాను వచ్చి వెళ్ళాక, నీళ్ళు నిలిచిన బంకులో వెంటనే పోయించవద్దు.

కిరోసిన్ సంగతి కూడా చెప్పాలి. కిరోసిన్‌తో నడిచే బోటు మోటార్లను తక్కువ కంప్రెషన్‌తో తయారుచేస్తారు, అందుకే అవి తట్టుకుంటాయి. పెట్రోల్లో కిరోసిన్ కల్తీ అయితే ఆక్టేన్ దారుణంగా పడిపోతుంది. పాత స్కూటర్ పొగ కక్కుతూ ఎలాగో నడిచేస్తుంది. టర్బో ఇంజన్ నడవదు. నమ్మకమైన బంకు ఒకటి చూసుకుని అక్కడే పోయించడం టర్బో కారు ఉన్నవాడికి ఆయిల్ మార్చడమంత ముఖ్యం.

ఇంధనంతో ఆటలాడిన మొదటి టర్బో కారు కథ ఒకటుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వచ్చింది. ఆ రోజుల పెట్రోల్‌తో టర్బో పెడితే ఇంజన్ కొడుతుందని, కంపెనీ నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే డబ్బాలో పెట్టింది. బూస్ట్ పెరిగినప్పుడు అది చిమ్మి గాలిని చల్లబరిచేది. ఇంజనీరింగ్‌గా చూస్తే చక్కటి ఆలోచన. కానీ కొన్నవాళ్ళు ఆ డబ్బా నింపడం మరిచిపోయేవారు. డబ్బా ఖాళీ అయితే కారు బూస్ట్ తగ్గించుకునేది, యజమాని కారు పాడైందనుకునేవాడు. రెండేళ్ళకే ఆ కారు ఆగిపోయింది. చాలా కార్లకు టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించారు. ఇంజనీర్లు పెట్టిన షరతు రోజువారీ జీవితంలో నిలబడలేదు. మ్యాప్ వేయించుకునే ప్రతివారినీ నేను అడిగేది ఇదే: ఈ కారు ఆ షరతు మీద రోజూ బతకగలదా? ఎక్కడో నగరంలో 100 ఆక్టేన్ పోయించి మ్యాప్ చేయించి, వారానికి ఆరు రోజులు సంతబొమ్మాళిలోనో వజ్రపుకొత్తూరులోనో దొరికేది పోయిస్తే ఆ మ్యాప్ ఎవరి కోసం?

అందుకే మీ దారిలో ఎదురయ్యే పెట్రోళ్ళలో అన్నిటికంటే తక్కువ రకానికి ట్యూన్ చేయించుకోండి. అలా చేస్తే 25 శాతం రావలసిన చోట 12 శాతమే రావచ్చు. ఆ 12 శాతం మండుటెండలోనూ ఉంటుంది, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో పోయించినా ఉంటుంది.

ఇక ఇంజన్ బయటి భాగాలు. ఉద్దానం తోటల్లో దారులు ఇసుక దారులు. శబ్దం బాగుంటుందని పెట్టుకునే ఓపెన్ ఫిల్టర్లు ఆ సన్న ఇసుకను ఆపలేకపోతే అది టర్బో రెక్కల అంచులను అరగదీస్తుంది. కంపెనీ ఫిల్టర్ డబ్బా ఉంచుకుని, లోపలి ఫిల్టర్ తొందరగా మారుస్తూ ఉండటమే మేలు. ఉప్పు గాలి ఇంటర్‌కూలర్ అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. తీరానికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు తక్కువ ధారతో పోసి కడగండి. గేర్‌బాక్సును కూడా లెక్కలోకి తీసుకోండి. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి తగ్గట్టు చేసినది. 1.5 టీఎస్ఐ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే 250 ఇస్తుంది. అక్కడ ఇంకా పెంచితే ఆ భారం ఎవరు మోయాలి?

డీజిల్ టర్బోల గురించి రెండు మాటలే. అక్కడ స్పార్క్ లేదు, ఒత్తిడికి తనే అంటుకోవాలి. కాబట్టి ఆక్టేన్ లెక్కలు అక్కడ పనికిరావు. నల్లపొగ కక్కించే మ్యాపులు బలానికి గుర్తు కావు, అది మండకుండా పోయిన మీ డీజిలే.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. వారంటీ పోవచ్చు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు. సైలెన్సర్‌లో కెటలిటిక్ కన్వర్టర్ తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మ్యాప్ చేయించే ముందు ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్ళతో కూడా చెప్పి చేయించండి. జాతీయ రహదారి 16 మీద మన ఊళ్ళ దగ్గర మనుషులూ, పశువులూ రోడ్డు దాటుతూనే ఉంటారు. పెరిగిన బలాన్ని పరీక్షించే చోటు అది కాదు. వేగం తెలుసుకోవాలని ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది. టైర్లు, బ్రేకులు మార్చకుండా బలం పెంచవద్దని ప్రతి తండ్రీ పట్టుబట్టాలని నా కోరిక.

చేయించాలనే నిశ్చయించుకుంటే ఇలా చేయండి. ఇంజన్ బలం కొలిచే డైనో ఉన్న చోటికి మీ బంకు పెట్రోల్‌తోనే వెళ్ళండి, దారిలో మంచి పెట్రోల్ కలపవద్దు. మొదట కంపెనీ మ్యాప్‌తోనే లాగ్, అంటే ఈసీయూ అంకెల రికార్డు, తీయమనండి. లోపలికి వచ్చే గాలి వేడి, స్పార్క్ ఎంత వెనక్కి జరుగుతోంది, పెట్రోల్ ఎంత శాతం ఎక్కువ పోస్తోంది అన్న మూడు గీతలూ మీకు చూపించమనండి. పాత మ్యాప్‌తోనే స్పార్క్ వెనక్కి పోతూ ఉంటే మీకు కావలసింది రీమ్యాప్ కాదు. మంచి పెట్రోల్, కొత్త ప్లగ్గులు, శుభ్రమైన ఇంటర్‌కూలర్. సగం మందికి అక్కడితోనే కారు హుషారు తిరిగి వస్తుంది. మిగిలినవాళ్ళు పాత ఫైల్ కాపీ తీసి భద్రపరచుకున్నాకే కొత్త మ్యాప్ వేయించండి. డిసెంబరులో చేయించిన మ్యాప్‌ను ఏప్రిల్ ఎండలో మళ్ళీ లాగ్ తీసి, అవసరమైతే బూస్ట్ తగ్గించి ఇస్తానని ముందే ఒప్పుకున్న ట్యూనర్‌కే డబ్బు ఇవ్వండి.